బొమ్మలు గీయడం రాదు, చూడడం ఇష్టం. ఇది తప్పా?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది, ముఖ్యమైన సంగతులు పోకుండా కుదించి ఇస్తున్నాను.

ఈమెకు 37 ఏళ్ళు. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. భర్తది సేల్స్ ఉద్యోగం, నెలలో సగం రోజులు ఊళ్ళు తిరగడమే. బాబు రెండో తరగతి. అత్తగారు వీళ్ళతోనే ఉంటారు. యానిమేషన్ సినిమాల ఆర్ట్ బుక్స్ అంటే ఈమెకు ప్రాణం. సినిమా తయారవుతున్నప్పుడు ఆర్టిస్టులు గీసుకున్న పాత్రల నమూనాలు, రంగుల ప్రయోగాలు, అడవులు, వీధులు, ఇళ్ళు, వద్దని పక్కన పడేసిన బొమ్మలు, వీటన్నిటినీ కలిపి వేసే పెద్ద సైజు పుస్తకాలవి. మొదటిది అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది, అట్ట ఊడిపోయి, 300 రూపాయలకి. ఇప్పుడు పాతిక దాకా అయ్యాయట. కొత్తవి ఒక్కోటి రెండున్నర వేల నుంచి నాలుగు వేల దాకా ఉంటాయి.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పార్సిల్ ఆఫీసుకి తెప్పించుకుంటారు. అట్టపెట్టె అక్కడే పారేసి, పుస్తకాన్ని లంచ్ బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెస్తారు. బీరువాలో పట్టుచీరల వెనక దాస్తారు. ఎప్పుడైనా ఒకటి కంటపడి భర్త అడిగితే, "పాతది, నాలుగొందలు" అంటారు. పోయిన నెల క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటులో 3,640 రూపాయల పద్దు ఆయన కంటపడింది. ఆయన అరవలేదు. రెండే మాటలన్నారట. ఒకటి, "పిల్లాడికి కొనాల్సిన బొమ్మల పుస్తకాలు నువ్వు కొనుక్కుంటున్నావా?" రెండోది, "నీకు బొమ్మలు గీయడం వచ్చా? రాదు కదా. మరి ఇవి చూసి ఏం చేస్తావ్?"

ఆ వారంలోనే ఇంకో గొడవ. ఈమె స్నానానికి వెళ్ళినప్పుడు బాబు బీరువా తీసి, ఒక పుస్తకంలో రెండు పేజీల మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో గీశాడు. ఈమె వాడి చెంప మీద కొట్టారు. ఇంతకు ముందెప్పుడూ వాడి మీద చెయ్యి చేసుకోలేదు. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదట. ఇంకో చిన్న సంగతి కూడా రాశారు. పుస్తకాల పక్కన బీరువాలో కొత్త కలరా ఉండలు కనిపించాయి. తాను పెట్టలేదు.

ఈమె ప్రశ్నలు: "ఇది జబ్బా? పుస్తకాలన్నీ అమ్మేయనా? డ్రాయింగ్ క్లాసులో చేరితే ఆయన మాటకి సమాధానం చెప్పినట్టవుతుందా?"

* * *

జబ్బు మాట ముందు తేల్చేద్దాం. లెక్కలు రాసే మనిషి కాబట్టి ఉత్తరంలో జీతం, ఇంటి వాయిదా, బాబు ఫీజు, ఏడాదికి పుస్తకాల ఖర్చు అన్నీ పద్దు ప్రకారం ఇచ్చారు. వాయిదా ఎప్పుడూ తప్పలేదు. ఫీజు ఆగలేదు. కార్డు బాకీ ప్రతి నెలా పూర్తిగా కడుతున్నారు. ఏడాదికి నాలుగైదు పుస్తకాలు కొంటున్నారు, కొన్నవన్నీ చూస్తున్నారు, మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు. కొని విప్పకుండా పడేస్తున్నా, అప్పు చేసి కొంటున్నా నేను వేరే మాట అనేవాణ్ణి. మీ ఉత్తరంలో నాకు జబ్బేమీ కనపడలేదు. ఒకదానికొకటి సంబంధం లేని మూడు విషయాలు ఒకే వారంలో మీద పడి ముడిపడిపోయాయి. డబ్బు గురించి ఆడిన అబద్ధం, గీయడం రాదన్న సిగ్గు, పిల్లాణ్ణి కొట్టానన్న బాధ. ఒకదానికి ప్రాయశ్చిత్తంగా ఇంకోటి చేద్దామనుకుంటున్నారు. పిల్లాణ్ణి కొట్టినందుకు పుస్తకాలు అమ్మేస్తే ఎలా కుదురుతుంది? మీ ఆయనకు ఒకటి దాచినందుకు డ్రాయింగ్ క్లాసు ఏం చేస్తుంది?

మీ ఆయన సంగతి చూద్దాం. 3,640 రూపాయల మీద కోపమొచ్చిందని మీరు రాశారు. నాకైతే ఆ "నాలుగొందల" మీద వచ్చిందనిపిస్తోంది. మూడు వేల పైచిలుకు వస్తువును నాలుగొందలని చెప్పారని తెలిశాక, ఏ మనిషైనా పాత పద్దులన్నీ మనసులో తిరగేస్తాడు. ఇంకేమేం దాచింది, ఎన్నాళ్ళ నుంచి, ఎందుకు, అని. ఆ తిరగేయడం అరిచే కోపం కంటే చెడ్డది, ఎందుకంటే బయటికి కనపడదు. ఆయన అరవకపోవడం చూసి మీరు ఊపిరి పీల్చుకున్నారు. మీ స్థానంలో నేనుంటే దానికే కంగారు పడేవాణ్ణి.

ఇక్కడ మీ ముందు రెండు దారులున్నాయి. దొరికిన ఒక్కదాని గురించే మాట్లాడి ఊరుకోవచ్చు. చాలామంది అదే చేస్తారు, ఇల్లు కొన్నాళ్ళు ప్రశాంతంగానే ఉంటుంది. కానీ బీరువాలో పాతిక పుస్తకాలున్నాయి, ఏదో దసరా శుభ్రానికి అవి బయటపడతాయి. అప్పుడు జరిగే గొడవ ఇప్పటికంటే పెద్దది, పైగా తప్పంతా మీదే అవుతుంది. రెండో దారి, మొత్తం లెక్క మీరే ముందు పెట్టడం. ఏ పుస్తకం, ఏ నెల, ఎంత. ఒక కాగితం మీద, దాచకుండా. ఆ సాయంత్రం బాగుండదు, అది ముందే ఒప్పుకుని కూర్చోండి. "ఇంతా?" అంటారు. కొన్ని నెలలు కొనొద్దంటారేమో కూడా. దానికి ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. మీ జీతం మీది కూడా. అయితే ఆ మాట గెలుపు కోసం వాడితే ఇంకో తగాదా, ఇద్దరికీ నెలకింత చేతిఖర్చు, దానికి లెక్క అడగకూడదు అన్న ఒప్పందం కోసం వాడితే దారి దొరుకుతుంది. మీ ఆయనకు కూడా ఆ ఒప్పందం ఇష్టంగానే ఉండొచ్చు. ఏడాదికో ఫోన్ మారుస్తారని మీరే రాశారు. ఆ ఫోన్ల చిట్టా మాత్రం ఆ సాయంత్రం తీయకండి. ఎంత నోటిదాకా వచ్చినా సరే.

రెండో మాటకు వస్తాను. "గీయడం వచ్చా? రాదు కదా. చూసి ఏం చేస్తావ్?" మీకు గుచ్చుకున్నది ఇదే. దీన్ని గురించి మీరు రాసిన పేరా మిగతా ఉత్తరమంత ఉంది. చిన్నప్పుడు డ్రాయింగ్ టీచరు నవ్వడం, స్కూల్లో ఆవు బొమ్మకి వచ్చిన మార్కులు, అన్నీ ఎక్కడెక్కడినుంచో తవ్వుకొచ్చారు. ఆయన అడిగింది నిజానికి చాలా మామూలు ప్రశ్న. ఆయనకు జవాబు తెలియదు, మీరు చెప్పలేకపోయారు, అంతే. కాబట్టి జవాబేమిటో వెతుకుదాం.

ఆ పుస్తకాల్లో బొమ్మలు ఎవరి కోసం గీసినవి? మన కోసం కాదు. ప్రేక్షకుడి కోసం తయారైన వస్తువు సినిమా. ఈ బొమ్మలు స్టూడియోలో పక్క గదిలో కూర్చున్న మనిషికి చెప్పే మాటలు. "ఈ సీనులో వెలుగు ఇలా పడాలి", "ఈ ముసలాయన కుర్చీ ఇలా ఉండాలి" అని ఒక ఆర్టిస్టు మరో ఆర్టిస్టుకు బొమ్మతో చెప్పుకుంటున్నాడు. పని అయిపోయాక అవి ఫైళ్ళలోకి పోతాయి. పుస్తకం వేయకపోతే ఆ నలుగురు తప్ప ఇంకెవరూ చూడరు. మీరు చేస్తున్న పని వాళ్ళ మాటలు వినడం. వినడానికి బొమ్మ గీయడం రావాల్సిన అవసరం ఏముంది?

'అప్' సినిమా పుస్తకం మీ దగ్గరుందని రాశారు. 2009లో వచ్చిన పిక్సార్ స్టూడియో సినిమా. అందులో కార్ల్ అనే ముసలాయన తల, కళ్ళజోడు, నడుము అన్నీ చదరం. భార్య ఎల్లీ అంతా గుండ్రం. ఇంట్లో పక్కపక్కనే ఉన్న రెండు కుర్చీలు చూడండి, ఆయనది నలుపలకలు, ఆమెది వంపులు. ఆమె పోయాక ఆ ఇంట్లో ఎవరూ "ఎల్లీ లేదు" అని చెప్పనక్కర్లేదు, ఆ ఖాళీ కుర్చీ చెబుతుంది. ఆమె వెళ్ళిపోగానే సినిమాలో రంగులు వెలిసిపోతాయి. బెలూన్లు ఎగిరినప్పుడే మళ్ళీ వస్తాయి. సినిమా చూసేటప్పుడు మనకు గొంతు ఎందుకు పట్టేసిందో అప్పుడు తెలియదు. పుస్తకంలో ఆ సినిమా కలర్ స్క్రిప్ట్ చూస్తే తెలుస్తుంది. కథంతా అగ్గిపెట్టెలంత బొమ్మలుగా వరుసగా పేర్చి, ఎక్కడ ఏ రంగు, ఎంత వెలుగు అని ముందే రాసిపెట్టుకుంటారు. 1995లో వచ్చిన 'టాయ్ స్టోరీ'కి రాల్ఫ్ ఎగిల్‌స్టన్ అనే ఆర్టిస్టు పాస్టెల్స్‌తో వేసిన కలర్ స్క్రిప్టుకి చాలా పేరొచ్చింది. అది కంప్యూటర్‌తో తీసిన మొదటి పూర్తి నిడివి సినిమా, కానీ దానికి దారి చూపింది చేత్తో వేసిన ఆ సుద్దరంగుల బొమ్మలు. దాన్ని చూసి మీరు ఏం చేస్తారు? మీకు మీ కన్నీళ్ళ కారణం తెలుస్తుంది. ఇది చాలదా?

టైరస్ వాంగ్ కథ మీకు తెలిసే ఉంటుంది. మీ ఆయనకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. చైనాలో పుట్టి, చిన్న వయసులోనే తండ్రితో అమెరికా చేరాడు. డిస్నీలో చేరినప్పుడు ఇచ్చింది ఇన్‌బిట్వీనర్ పని. అంటే పెద్ద ఆర్టిస్టు కదలిక మొదటి బొమ్మ, చివరి బొమ్మ గీస్తే, మధ్య బొమ్మలు నింపుతూ కూర్చోవడం. చాకిరీ. అప్పుడు 'బ్యాంబీ' అనే లేడిపిల్ల సినిమా తయారవుతోంది. అడవి బొమ్మలు కుదరడం లేదు. ప్రతి ఆకూ ప్రతి కొమ్మా వేసేసరికి లేళ్ళు ఆ ఆకుల్లో తప్పిపోతున్నాయి. వాంగ్ ఎవరూ అడగకుండానే ఇంటి దగ్గర కొన్ని బొమ్మలు వేసి పట్టుకెళ్ళాడు. పాత చైనా ప్రకృతి చిత్రాల పద్ధతి. అడవి అంతా మంచులా పలచగా ఉంటుంది, రెండు మూడు చెట్ల మొదళ్ళు, మధ్యలో కొంచెం వెలుగు, ఆ వెలుగులో చిన్న లేడి. 1942లో వచ్చిన ఆ సినిమా మొత్తానికి రంగు, వాతావరణం ఆయన బొమ్మల నుంచే వచ్చాయి. టైటిల్స్‌లో మాత్రం నేపథ్య చిత్రకారుల్లో ఒకడిగా పేరు పడింది. సినిమా రాకముందే, 1941లో డిస్నీ ఆర్టిస్టులు చేసిన సమ్మె తర్వాత, ఉద్యోగం పోయింది. సినిమా చూసిన కోట్ల మందికి ఆయన పేరు తెలియదు. ఆయనేం చేశాడో కాలక్రమంలో లోకానికి తెలిసింది ఆ అసలు బొమ్మలు పుస్తకాల్లో, ప్రదర్శనల్లో కనబడడం వల్ల. వాటిని తీరిగ్గా చూసిన వాళ్ళు ఉండడం వల్ల. వాళ్ళలో ఎక్కువమంది మీలాంటి వాళ్ళే, గీయడం రానివాళ్ళే. 2001లో డిస్నీ సంస్థ ఆయన్ను తమ దిగ్గజాల జాబితాలో చేర్చుకుంది. 106 ఏళ్ళు బతికి 2016లో పోయాడు.

మనలోనూ ఇది కొత్తేం కాదు. బాపు గారు షూటింగుకి ముందే సినిమాను షాటు షాటుగా బొమ్మల్లో గీసి పెట్టుకునేవారు. అవి చూడాలని తెలుగువాళ్ళు ఇప్పటికీ తపించిపోతారు, వాళ్ళందరూ సినిమాలు తీద్దామని కాదు. వడ్డాది పాపయ్య వేసిన చందమామ అట్టలను జాగ్రత్తగా కత్తిరించి దాచుకున్న ఇళ్ళున్నాయి. వాళ్ళను ఎవరూ "నీకు కుంచె పట్టడం వచ్చా" అని అడగలేదు.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని సరిదిద్దుతాను. "ఈ పుస్తకాలు చదివితే సినిమా ఎలా తీశారో అంతా తెలిసిపోతుంది" అని రాశారు. తెలియదండీ. ఇవి స్టూడియో అనుమతితో, ఎక్కువగా సినిమా విడుదలతో పాటే వచ్చే పుస్తకాలు. గొడవలు, అర్ధరాత్రి పనులు, తీసేసిన మనుషులు ఇందులో ఉండరు. పైగా పేజీ మీద అందంగా నిలబడేది తొలి దశ చిత్రాలే. పాత్ర లోపల ఎముకల చట్రం కట్టే రిగ్గింగ్ మనిషి పని, సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేముల కదలిక సరిచేసే యానిమేటర్ పని, వెలుగులు కలిపే కంపోజిటర్ పని పేజీలో పట్టవు. 'లైఫ్ ఆఫ్ పై' సినిమాలో కంప్యూటర్ పులికి పనిచేసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి మన హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, అదే నెలలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఇలాంటివి ఏ ఆర్ట్ బుక్కులోనూ దొరకవు. మీ ఇష్టం తగ్గించాలని చెప్పడం లేదు. రేపు మీ బాబు పెద్దవాడై "నేనూ యానిమేషన్‌లోకి పోతా" అంటే, ఈ పుస్తకాలొక్కటే చూపించి పంపకండి.

బాబు దగ్గరికి వచ్చాం కాబట్టి, చెంపదెబ్బ. దీనికి మూడు దారులు, నాలుగు పరిణామాలు అంటూ చెప్పేదేం లేదు. వాడి దగ్గర కూర్చుని, "నిన్ను కొట్టడం తప్పు, నాకు కోపం వచ్చింది, అయినా కొట్టకూడదు" అని చెప్పండి. మీ ఉత్తరం చూస్తే ఆ రోజు చాక్లెట్లు కొనిపెట్టారు గానీ ఆ మాట అనలేదు. ఏడేళ్ళ పిల్లాడికి చాక్లెట్ దేనికో అర్థం కాదు, మాట అర్థమవుతుంది.

ఇక వాడు చేసింది. బొమ్మల పుస్తకం దొరికింది, పెన్ను దొరికింది, గీశాడు. అమ్మ దాచిన వస్తువు కాబట్టి ఇంకాస్త ఉత్సాహంగా గీసుంటాడు. బీరువాకు తాళం వేసుకోవచ్చు, పుస్తకాలు భద్రంగా ఉంటాయి. అయితే "అమ్మకు నాకంటే అవి ఎక్కువ" అన్న అనుమానం వాడికి ఇప్పటికే కలిగి ఉంటే తాళం దాన్ని ఖాయం చేస్తుంది. లేదా పై అరలో పెట్టి, వారంలో ఒక రోజు మీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని కలిసి చూడొచ్చు. చేతులు కడుక్కోవాలి, పేజీ అమ్మే తిప్పాలి, పెన్నులు వేరే గదిలో ఉండాలి. ఒకటి రెండు పేజీలు నలుగుతాయి, దానికి సిద్ధపడండి. అట్టలేని ఆ అబిడ్స్ పుస్తకంతో మొదలుపెడితే మీ గుండె కొట్టుకోవడం కూడా తక్కువగా ఉంటుంది.

ఏడేళ్ళ వాడికి ఏం చూపించాలంటారా? 'ఫ్రోజెన్' వాడు చూసే ఉంటాడు. ఆ సినిమా పని జరుగుతున్నప్పుడు చాలాకాలం మంచు రాణి ఎల్సా విలన్. తర్వాత ఒక పాట రాశాక ఆ పాత్రే మారిపోయింది, దాంతో కథా మారింది. తొలి దశలో వేసిన ఎల్సా బొమ్మల్లో ఆమె వేరే మనిషి, పొట్టి జుట్టుతో, కోపంగా. అది చూపించి "ఇదెవరో చెప్పు" అనండి. వాడు నమ్మడు. 2020లో ఐర్లండ్ వాళ్ళు తీసిన 'వుల్ఫ్‌వాకర్స్' మీ జాబితాలో ఉంది కదా, అది ఇంకా బాగా పనికొస్తుంది. అందులో ఊరంతా చెక్కమీద చెక్కి అచ్చేసినట్టు గట్టి గీతలు, మూలలు. అడవిలోకి రాగానే గీత వదులైపోతుంది, కింద పెన్సిల్ గీతలు చెరపకుండా అలాగే ఉంచారు. "చూడు, ఇక్కడ గీతలు చెరపలేదు" అని చూపిస్తే, ఎర్ర పెన్నుతో గీసి దెబ్బ తిన్న పిల్లాడికి అది పెద్ద వార్త.

కలరా ఉండల సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. నేను దాటలేకపోయాను. ఆ బీరువా మీరు తీస్తారు, మీ అత్తగారు తీస్తారు. ఆవిడకు ఎన్నాళ్ళ నుంచో తెలుసు. కొడుక్కి చెప్పలేదు. పురుగు పట్టకుండా ఉండలు కూడా పెట్టారు. ఇంట్లో మీకు ఎదురు పార్టీ అనుకున్న మనిషి మీ సామాను కాపలా కాస్తున్నారు. ఆవిడను మీ పక్షాన సాక్ష్యం చెప్పమని మాత్రం లాగకండి. కొడుకూ కోడళ్ళ మధ్య నిలబెడితే ఆవిడ ఇరుక్కుంటారు. ఒక మధ్యాహ్నం పుస్తకం తీసుకెళ్ళి పక్కన కూర్చోండి చాలు. జపాన్ దర్శకుడు మియజాకి తీసిన 'మై నేబర్ టొటొరో' పుస్తకం మీ దగ్గరుందన్నారు, అది మంచిది. 1988 సినిమా. దానికి ఆర్ట్ డైరెక్టర్ కజువొ ఒగా, పోస్టర్ కలర్లతో వేసిన పల్లెటూరి బొమ్మలు. పొలం గట్టు, గట్టు మీద గడ్డి, గడ్డిలో పేరు లేని మొక్కలు, నీడలో ఒక ఆకుపచ్చ, ఎండలో ఇంకో ఆకుపచ్చ. జపాన్ అయినా పల్లెలో పుట్టిన మనిషికి ఆ గట్టు పరాయిది కాదు. ఒక సలహా కూడా: ఆ ఉండలు పుస్తకాలకు మరీ దగ్గరగా వద్దు, వాసన కాగితానికి పట్టేస్తుంది. ఈ నున్నటి ఆర్ట్ పేపరుకు పురుగుకంటే చెమ్మ పెద్ద శత్రువు. ముసురు పట్టినప్పుడు పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటే ఇక విడిపోవు, రంగు ఊడి వస్తుంది. చీరల వెనక గాలి ఆడదు. ఆ కారణానికైనా వాటిని బయటకు తీయాలి.

అమ్మేయడం గురించి. అమ్మవచ్చు. అచ్చులో లేనివాటికి మంచి ధరే వస్తుంది, మిగతావి సగానికి పోతే గొప్ప. చోటు లేక, లేదా కొన్నిటి మీద మనసు పోయి అమ్మితే అది మామూలు వ్యవహారం. రెండేళ్ళుగా తీయని పుస్తకాలు నాలుగైదు ఉన్నాయన్నారు, అవి అమ్మి ఆ డబ్బు ఇంట్లో పెట్టినా తప్పులేదు, మీ ఆయన ముందు పెట్టే లెక్క కాగితంలో అదొక పద్దు అవుతుంది. కానీ మొత్తం పాతికా అమ్మేస్తే జరిగేది వేరు. మీ ఆయన అమ్మమనలేదు. అడగని త్యాగం చేసి, తర్వాత పదేళ్ళపాటు ప్రతి గొడవలోనూ "నీ కోసం పుస్తకాలు కూడా అమ్మేశాను" అంటారు. అనకపోయినా మనసులో అనుకుంటారు. ఆయనకు తెలియని అప్పు ఆయన నెత్తిన పెట్టినట్టే.

డ్రాయింగ్ క్లాసు విషయంలో నాకు కొంచెం అనుమానమే. ఆయనకు సమాధానంగా చేరితే ప్రతి బొమ్మా పరీక్ష పేపరవుతుంది. మూడు నెలలకు మీరు గీసిన చెయ్యి చెయ్యిలా ఉండదు, ఎవరిదీ ఉండదు. అప్పుడు "చూశావా" అనేది ఆయన కాదు, మీరే. దాంతో పుస్తకాల మీద ఇష్టం కూడా చచ్చిపోయే ప్రమాదముంది. ఇంతకాలం ఆనందంగా చూసిన బొమ్మ ఇప్పుడు మీకు రానిదేదో గుర్తుచేసే వస్తువవుతుంది. అలా కాక, చిన్నప్పుడు ఆ టీచరు నవ్వుతో ఆగిపోయిన చెయ్యి మళ్ళీ కదపాలని మీకే ఉంటే, నిక్షేపంగా చేరండి. ఒక నెల ఫీజు కట్టి చూడండి, ఏడాది ప్యాకేజీ కట్టకండి. ఇంట్లో ఎవరికీ బొమ్మలు చూపించాల్సిన పనిలేదు.

ఈ రెంటికీ మధ్యలో ఇంకోటుంది, గీత రానివాళ్ళకు బాగా కుదురుతుంది. సినిమా పెట్టి, మీకు నచ్చిన ఐదారు చోట్ల ఆపండి. ప్రతిచోటా తెర మీద ఎక్కువగా ఉన్న మూడు రంగులు ఏవో బాబు క్రేయాన్లతో ఒక కాగితం మీద చిన్న గడుల్లో నింపండి. మనుషులు వద్దు, ఇళ్ళు వద్దు, గడులే. తర్వాత పుస్తకంలోని కలర్ స్క్రిప్టుతో పోల్చి చూడండి. మీరు నీలం అనుకున్న రాత్రి ఆకుపచ్చగా ఉంటుంది. ఎర్రగా ఉందనుకున్న గోడ పక్క గోడ వల్ల అలా కనిపించి ఉంటుంది. ఈ పని బాబు కూడా చేయగలడు, వాడికి ఎర్ర స్కెచ్ పెన్ను తిరిగి ఇచ్చినట్టూ అవుతుంది.

తాజా కలంలో ఇంకో ప్రశ్న వేశారు. ముందే ఆర్డర్ పెట్టిన ఒక పుస్తకం వచ్చే నెల వస్తుంది, ఈ గొడవ మధ్య దాన్ని రద్దు చేయాలా అని. అది మీ ఆయనకు మీరు చెప్పే లెక్క కాగితంలో ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఉంటే, ఆయన సరేనంటే, రానివ్వండి. ఈసారి డెలివరీ అడ్రసు ఇంటిది పెట్టండి. ఆయన "ఇది ఆపుదాం" అంటే ఆపేయండి, పుస్తకం ఎక్కడికీ పోదు, ఏడాది తర్వాత అబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, డిసెంబరు బుక్ ఫెయిర్‌లోనో కనిపించినా ఆశ్చర్యం లేదు. చెప్పకుండా తెప్పించుకోవడం ఒక్కటే వద్దంటాను. డబ్బు కోత లేకుండా రద్దు చేసుకోవడానికి ఏ తేదీ దాకా అవకాశం ఉందో ఇవాళే చూసుకోండి. మీ ఆయన ఈ వారం ఊళ్ళోనే ఉంటారని రాశారు కాబట్టి, ఆ తేదీ లోపు మాట్లాడటం అయిపోవాలి.